గూడుబండి గుడ్డలో చిల్లులు

నేను ఎచ్చెర్ల దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చింది అరవైల చివర్లో. బొబ్బిలిలో అమ్మ ఒక్కతే ఉండేది. నన్ను ఆమె దగ్గరికి చేర్చేది ఏడాదికొక్కసారి మామగారు అక్కడి సంతకు బెల్లం తోలే గూడుబండి. దారి మజిలీలో గూటి మీద వానకు కప్పే కిత్తాను గుడ్డనే వెనక్కి లాగి, రెండు వెదురుకర్రల మీద పందిరిలా కట్టేవాళ్లు. అందుకే వేసవి చివర గుడ్డను పరీక్షించందే బండి కదిలేది కాదు.

ఆ పరీక్ష నా వంతు. మామగారి ఎదుట నిలబడి మాట్లాడే రోజులు కావవి. మధ్యలో గుడ్డ అడ్డముంటే మాత్రం తప్పు లేదట! ఎండలో బండి నిలిపితే నేను గూట్లో వెల్లకిలా పడుకునేదాన్ని. వెలుతురు చుక్క కనబడిన చోటల్లా చీపురుపుల్ల గుచ్చితే, బయట ఆయన సున్నం బొట్టు పెట్టి, తర్వాత మాసిక వేసేవారు.

"ఇంకేటైనా కనపడతన్నాయేటమ్మా?"

"నేవు మావా."

"అయితే మూట కట్టుకో."

ఆ మాట కోసం ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

ఒక ఏడు మా అత్త ఆ గుడ్డను కుంకుడు రసంలో నానబెట్టి బండకేసి బాదింది. "కోడలు పుట్టింటికెల్తాది. ఈ జిడ్డుగుడ్డ సూసి ఆలమ్మ ఏటనుకుంటాది?" అని ఆవిడ ఆరాటం. గుడ్డ మల్లెపువ్వులా అయింది. మామగారు చెంబెడు నీళ్లు పోసి చూస్తే చెంబెడూ గూట్లో ఉన్న నా మొహం మీదే పడ్డాయి.

"మైనవంతా ఊడ్సీసినావు కదే! దార్లో వానొస్తే బెల్లం పానకమైపోతాది," అని ఆయన తల పట్టుకున్నారు.

నూనెలో మైనం కరిగించి అత్తా నేనూ మళ్లీ పట్టించాం. ఆరితే కదా! ఈలోగా తొలకరి దిగిపోయింది, బండి ఆగిపోయింది. బస్సులున్నాయి కానీ, కోడలిని బస్సెక్కించే అలవాటు మా ఇంట లేదు. శ్రావణంలో అమ్మకు బాగోలేదని కబురొచ్చాక మాత్రం మా ఆయన ఆ పూటే ఎక్కించాడు. వెళ్లేసరికి అమ్మ లేదు. అత్త మీద నాకు కోపం రాలేదు. ఆ బస్సు మీది కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

మరుసటి వేసవిలో మళ్లీ గూట్లో పడుకున్నాను. మైనం వాసన ఇంకా ఉంది. ఒక్క చుక్కయినా కనబడాలని వెతికాను.

"ఏటమ్మా?" అన్నారు మామగారు.

"ఒక్కటీ నేదు మావా."

ఆయన ఈసారి మూట కట్టుకోమనలేదు. గుడ్డ మీద ఆయన చేతి నీడ అలాగే ఉంది. నేనూ లేవలేదు.