కింద పడ్డ కర్చీఫ్‌దే సీటు

నేను కారు ఇంట్లో వదిలేసి పామర్రులోని ఆఫీసుకి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టినప్పటి నుంచి మా ఆయనది రోజూ ఒకటే ప్రశ్న: "సీటు దొరికిందా?"

దొరికితే కదా! బెజవాడ బస్టాండులో బస్సు వచ్చీ రాకముందే జనం కిటికీల్లోంచి కర్చీఫులు వేసేస్తారు. నేను వేసింది ఒకసారి ఎవరి నెత్తి మీదో పడింది, ఇంకోసారి మళ్ళీ కనబడనే లేదు. రోజూ నిలబడే ప్రయాణం. "కారు తాళాలు ఇక్కడే ఉన్నాయి" అని ఆయన నవ్వు.

ఈ రోజు పొద్దున గురి చూసి విసిరాను. తోసుకుంటూ లోపలికి వెళ్ళేసరికి ఆ సీటులో రెండు కర్చీఫులున్నాయి, ఒకదాని మీద ఒకటి. పక్కనే నా వయసాయన ఒకరు నిలబడి ఉన్నారు.

"నాదే ముందు పడిందండీ" అన్నారాయన.

"కాదండీ, నాదే" అన్నాను.

టికెట్లు కొడుతున్న కండక్టరమ్మ తలెత్తింది. "గొడవెందుకండీ? ముందు పడింది కిందుంటది. కిందది ఎవరిది?"

బస్సంతా మావైపే చూసింది. ఆయన పైనున్న గళ్ళ కర్చీఫ్ తీసుకున్నారు. కింద నా గులాబీరంగుది!

"బాగా విసిరారు మేడం. రోజూ ఎక్కుతారా?" అన్నారు పక్కకి జరుగుతూ.

"రోజూనండీ" అన్నాను. డ్రైవింగ్ వచ్చిన రోజు కూడా నాకింత గర్వంగా లేదు.

కంకిపాడు దాటాక మా ఆయన ఫోన్. "సీటు దొరికిందా?"

"దొరకలేదండీ, గెలుచుకున్నాను."

కర్చీఫ్ వేసి సీటు గెలిచినవాళ్ళు కామెంట్లలో చెప్పండి. కార్లలో తిరిగేవాళ్ళు చదివి ఊరుకోండి.