పటేలింటి కోడలు తప్పిపోయిన సాయంత్రం

ఖేడ్‌లో ఫుట్‌బాల్ మైదానంలో పెద్ద పాటల ప్రోగ్రాం పెడుతున్నారని మా ఆవిడ నాలుగు రోజుల ముందే చెప్పింది. నేను వినిపించుకోలేదు. ఊరి పెత్తనం మా పటేలింటి చేతిలో ఉన్నప్పుడు, పాట వినాలంటే పాడేవాళ్ళే మా వాకిట్లోకి వచ్చేవారు. మేం ఎవరి దగ్గరికీ పోలేదు. ఆ వాకిలి ఇప్పుడు లేదు. బస్ డిపో వెనక అద్దెకు రెండు గదుల్లో ఉంటున్నాం. అలవాటు మాత్రం పోలేదు.

"పెండ్లయి ముప్పై ఏండ్లాయె. ఇంతవరకు మిమ్మల్ని ఒక్కటన్న అడిగిన్నా?" అంది ఆమె.

ఇస్త్రీ లాల్చీ తీసి వేసుకున్నాను.

ఐదు గంటలకే మైదానం చుట్టూ ఆటోలు నిండిపోయాయి. మనూరు వైపు నుంచి, కంగ్టి వైపు నుంచి ట్రాక్టర్లలో కూడా జనం దిగుతున్నారు. గేటు దగ్గర మగవాళ్ళకో వరస, ఆడవాళ్ళకో వరస. సంచులు లోపలికి తేవద్దన్నారు. ఆమె తన ఫోనూ, ఆయాసం వచ్చినప్పుడు పీల్చుకునే ఇన్‌హేలరూ తీసి నా చేతికిచ్చింది.

"ఇవి మీ జేబుల పెట్టుకోండ్రి. లోపల గోల్‌పోస్టు కాడ కలుస్త."

మైదానానికి రెండు గోల్‌పోస్టులుంటాయన్న సంగతి ఇద్దరికీ తోచలేదు.

నేను గేటుకు దగ్గరగా ఉన్నదాని కింద నిలబడ్డాను. చుట్టూ అందరూ నేల మీద కూర్చున్నారు. నేను కూర్చోలేదు.

"ఓ పటేలా, జర కూసో! మేం పైసలు పెట్టి ఆటో ఎక్కి వచ్చింది నీ వీపు చూడనీకి కాదు" అన్నాడు వెనకనుంచి ఒకతను. అందరూ నవ్వారు. పక్కకు జరిగాను గానీ కూర్చోలేదు.

పట్నం నుంచి వచ్చిన పాటగాడు స్టేజి ఎక్కగానే బయట మిగిలినవాళ్ళు ఒక్కసారిగా తోసుకొచ్చారు. ఆడవాళ్ళ వైపు కట్టిన కట్టెల కంచె కూలింది. ఎర్రటి దుమ్ము లేచింది. ఆమెకు పడనిదే దుమ్ము. అవతల ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు సొమ్మసిల్లారని మాట పాకింది. జేబులో చెయ్యి పెడితే ఇన్‌హేలర్ తగిలింది.

తప్పిపోయినవాళ్ళను పిలవడానికి ఒక మూల టెంటు వేశారు. మెడలో కార్డు వేసుకున్న నడివయసు మనిషి అక్కడ మైకు పట్టుకొని ఉన్నాడు.

"మా ఇంటావిడ కనబడటం లేదు. ఆమెకు దమ్ము, ఆయాసం. మందు నా దగ్గరుండిపోయింది" అన్నాను.

"పేరేంది?"

మా తాత గానీ, మా నాయన గానీ భార్య పేరు ఏనాడూ బయటికి అనలేదు. ఆ పేరు గడప లోపలిదని నాకు నేర్పారు. ఇన్ని వేలమంది ముందు, పాటకూ పాటకూ మధ్య, దాన్ని మైకులో వెయ్యమనడం నా వల్ల కాలేదు.

"పెద్ద పటేలింటి కోడలు అని చెప్పు. ఖేడ్‌లో అందరికీ తెలుసు."

అతను నన్నోసారి ఎగాదిగా చూసి, మైకులో అన్నాడు: "పెద్ద పటేలింటి కోడలు యాడున్నా టెంటు కాడికి రావాలె. మీ ఇంటాయన ఎదురు చూస్తుండు."

"ఏ పటేలు? మా గల్లీలనే నలుగురున్నరు!" అని జనంలోంచి ఎవడో అరిచాడు.

కాసేపటికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామెది మనూరు, ఇంకొకామెది కంగ్టి. ఇద్దరూ పటేళ్ల ఇళ్ళ కోడళ్ళే. ఇద్దరూ నన్ను చూసి ఆగిపోయారు.

"గీయన మా ఆయన కాదు" అంది మనూరామె.

"నాకూ వద్దు తల్లీ" అంది కంగ్టి ఆమె. నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

"ఇంకోసారి అట్లనే పిలువు" అన్నాను. పిలిచాడు. ఇంకో పాట మొదలై అయిపోయింది. ఎవరూ రాలేదు.

"ఇగ చాలు. ఆమెకు దమ్మున్నదంటివి. పేరు చెప్తవా, చెప్పవా?"

చెప్పాను. హోరులో వినబడలేదు. "గట్టిగ!" అంటూ మైకు నా నోటి దగ్గర పెట్టాడు. ఆమె పేరు నా గొంతుతో మైదానమంతా వినబడింది. ఇక్కడ మాత్రం రాయను.

వెంటనే అవతలి గోల్‌పోస్టు దగ్గర ఎవరో లేచి కొంగు ఊపారు. పరుగెత్తాను. ఎవరో ముసలామె ఒడిలో ఒరిగిపోయి ఉంది మా ఆవిడ. పెదవులు నల్లబడ్డాయి. తల ఎత్తి పట్టుకొని మందు నోట్లో కొట్టాను. మళ్ళీ కొట్టాను.

ముసలామె నన్ను వదల్లేదు. "ఏం మనిషివయ్యా! నీ పేరేందమ్మా అంటే ఒక్క పేరు చెప్పింది, గంతే, ఇంకో మాట నోట్లకెళ్లి రాలే. గా పేరు పిలుస్తరేమో అని మేం చెవులు పెట్టుకొని కూసుంటే, మీరేమో పటేళ్లను పిలువవట్టిరి."

నలుగురు పట్టి ఆటోలో ఎక్కించారు. దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టారు. డాక్టరు చీటీ రాస్తూ, "మందు లేకుండా ఎంతసేపు ఆయాసపడింది?" అని అడిగాడు.

"ఐదు నిమిషాలు" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నాను. మెల్లగా రెండు చేతులూ పైకెత్తి పది వేళ్ళూ చూపించింది. దించి, మళ్ళీ చూపించింది.

డాక్టరు కలం ఆపి నా వైపు చూశాడు.

"ఇరవై" అన్నాను.