స్టెపాన్ కొడుకు

నిరుడు చలికాలంలో విదేశంలో, అరోరా అనే ఊళ్లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నప్పుడు, దగ్గరి లైబ్రరీలో పాత రష్యన్ సినిమా వేస్తున్నారంటే వెళ్లాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తండ్రి లేకుండా పెరిగిన పిల్లవాడి కథ. సినిమా అయిపోయి లైట్లు వేసినా నా పక్కన కూర్చున్న ముసలాయన లేవలేదు. పలకరిస్తే, తనదీ రష్యానే అని, పేరు యూరీ స్టెపనోవిచ్ అని చెప్పాడు.

"స్టెపనోవిచ్ మీ ఇంటిపేరా?" అని అడిగాను.

"కాదు. స్టెపాన్ కొడుకునని అర్థం. మా దేశంలో మర్యాదగా పిలవాలంటే తండ్రి పేరు కలిపి పిలుస్తారు."

మనం 'గారు' అనే చోట వాళ్లు తండ్రిని తలుచుకుంటారన్నమాట. నాకది బాగా నచ్చింది. మీ నాన్నగారు యుద్ధానికి వెళ్లారా అన్నాను.

"స్టెపాన్ యుద్ధంలోనే చనిపోయాడు. నేను పుట్టింది యుద్ధం ముగిసిన రెండేళ్లకి."

అదెలా కుదురుతుందని అడిగాను.

"స్టెపాన్ మా అమ్మ తమ్ముడు. నా బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరుండాల్సిన చోట ఒక గీత గీశారు. తండ్రి పేరు లేకుండా నేను బతకలేనని అమ్మ తన తమ్ముడి పేరు తగిలించింది."

"మరి అసలు తండ్రి ఎవరని అడగలేదా?"

"పదేళ్లప్పుడు ఒకసారి అడిగాను. అమ్మ రొట్టె కోస్తోంది. నా వైపు చూడలేదు, కోయడం ఆపలేదు. మర్నాటికి దాచాల్సిన రొట్టె కూడా ముక్కలు చేసేసింది. ఇక ఎప్పుడూ అడగలేదు."

కుర్చీకి తగిలించిన ఆయన కోటు తీసి అందించాను.