కడుక్కున్న చేతులు

నా చిన్నప్పుడు, తెల్లారకముందే మా అమ్మమ్మ వెంట ఫిషింగ్ హార్బరుకు వెళ్ళేదాన్ని. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని, కొన్నవాళ్ళకు చేపలు కోసిపెట్టేది. ఆ కాస్త చోటు వల్లే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. చేపల వేలం ముగిసేదాకా అక్కడ ఎవరూ చేతులు కడుక్కునేవారు కాదు. కడుక్కుంటే గిరాకీ పోతుందని నమ్మకం.

ఒకరోజు వేలం నడుస్తుండగా, ఆ వేలం వేసే షావుకారి పెద్ద వంజరం చేప మాయమైంది. ఆయన నేరుగా వచ్చి మా అమ్మమ్మ మణికట్టు పట్టుకుని పైకెత్తాడు.

"నెత్తుటి సేతుల్తో రెడ్ హ్యాండెడ్‌గా దొరికింది! రేపట్నుంచి దీని పీట ఇక్కడ కనపడకూడదు!"

అంతవరకూ పిన్నీ, వదినా అని పిలిచినవాళ్ళు ఒక్కరూ నోరు మెదపలేదు. వాళ్ళ ముఖాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చేపలు కొనడానికొచ్చిన మా పక్కింటి టీచరమ్మ ఒక్కతే ముందుకొచ్చింది. చర్చిలో మెత్తగా పాడే మనిషి, ఆ రోజు గొంతు చించుకుంది. 'రెడ్ హ్యాండెడ్' అన్న మాట స్కాట్లాండు నుంచి వచ్చిందని చెప్పింది. పూర్వం అక్కడ పరాయివాడి జంతువును దొంగతనంగా చంపినవాణ్ణి చేతుల నెత్తురు ఆరకముందే పట్టుకుంటే, ఆ నెత్తురే సాక్ష్యమట.

"ఇక్కడ నెత్తురంటని చెయ్యేది, షావుకారు గారూ?" అని నిలదీసింది.

మా అమ్మమ్మకు ఆ మాట చాలు. చెయ్యి విదిలించుకుని లేచింది.

"అందరూ సేతులెత్తండి, సూద్దుం!"

నెత్తురూ పొలుసులూ అంటిన చేతులు ఒక్కొక్కటే లేచాయి. పొద్దుట్నుంచి గంపలు ఎత్తిపోసిన షావుకారి బావమరిది మాత్రం చేతులు వెనక్కి దాచుకున్నాడు. లాగి చూస్తే సబ్బు వాసన.

"ఏలం అవ్వకుండానే సేతులు కడుక్కున్నావేటి బాబూ?" అంది అమ్మమ్మ.

అతని స్కూటరు మీదున్న గోనెసంచి విప్పితే వంజరం బయటపడింది.

షావుకారు "ఇంటోడే కదా" అని నవ్వేసి మళ్ళీ వేలం మొదలుపెట్టాడు. మా అమ్మమ్మను క్షమించమని అడిగిన పాపాన పోలేదు. ఆవిడ పీట అక్కడే ఉండిపోయింది గానీ, బతికున్నన్నాళ్ళూ ఆ ఇంటి చేప మీద కత్తి పెట్టలేదు. నేనూ ఆయన్ని క్షమించలేదు, ఆ ఉద్దేశమూ లేదు.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. ఎక్కడైనా ఎవరైనా "దొంగ, దొంగ" అని అరిస్తే, ముందు అరిచినవాడి పక్కన నిలబడ్డవాళ్ళ చేతులు చూస్తాను.