కొని తెచ్చుకున్న తద్దినం

మా ప్రొఫెసర్‌ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. వందల ఏళ్ళ కిందట పోయిన ఎనిమిదిమంది సన్యాసులను ఆయన తిండిపోతులని తిట్టాడు కదా, నేనెందుకు ఊరుకోవాలి?

డెబ్బైల చివర్లో మేము డెట్రాయిట్ పక్కన ఉండేవాళ్ళం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను మంచులో డ్రైవ్ చేసుకుంటూ యూనివర్సిటీకి వెళ్ళి, ఇంగ్లండులో ఎప్పుడో మూతబడిన ఒక చిన్న మఠం మీద థీసిస్ రాస్తున్నాను. ఆ మఠాన్ని తనిఖీ చేసిన బిషప్పు, ఉపవాసాల్లో కూడా అక్కడ విందులు జరిగాయని తారీఖులతో సహా రాసిపెట్టాడు. తిండియావ వల్లే మఠం చెడిందని మా ప్రొఫెసర్ తీర్మానం.

మఠంవాళ్ళ ప్రార్థన పుస్తకం అంచుల్లో చనిపోయినవాళ్ళ పేర్లు, తారీఖులు ఉన్నాయి. వాటినీ బిషప్పు రాసిన విందుల తారీఖులనూ పక్కపక్కన పెట్టి చూశాను. ప్రతి విందూ మఠానికి పొలం ఇచ్చిన ఎవరో ఒకరు పోయిన రోజే! ఇందులో అర్థం కానిదేముంది? గుంటూరులో మా నాన్న పోయిన రోజున ఏటా జ్ఞాపకార్థ కూడిక పెట్టి అందరికీ కోడి పలావు వడ్డిస్తాం. ప్రొటెస్టెంట్లం, పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యం. భోజనం మాత్రం పెట్టకుండా ఉండం.

ఈ మాటే ఒక చాప్టర్‌గా రాసి, ఆయన గదిలో చెప్పాను కూడా.

“మీ ఊరి ఆచారాలు మా ఇంగ్లండుకి అంటించకు. ఆ చాప్టర్ తీసేస్తేనే సంతకం పెడతాను,” అన్నాడు.

మా ఇంగ్లండట! ఆ మహానుభావుడు పుట్టింది ఒహాయోలో.

సంతకం లేకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే కాలేజీలో ఇస్తామన్న ఉద్యోగమూ లేదు. ఇంటికొచ్చి ఏడ్చాను.

“తద్దినం కొని తెచ్చుకోవడమంటే ఇదేనే. ఆ చాప్టర్ కట్ చేసి పడెయ్,” అన్నాడు మా ఆయన.

“మీరు ఇంజన్ తీసేసి కారు అమ్మండి, చూద్దాం!”

అన్నానే గానీ, తీసేశాను. సంతకం పెట్టాడు. ఆయన మీద ఎంత కోపమో, నా మీద అంతకు రెట్టింపు.

కొన్నేళ్ళకు ప్రొఫెసర్ పోయాడని డిపార్ట్‌మెంట్ నుంచి ఉత్తరం వచ్చింది. జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాను. ప్రేమతో కాదు. ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో పొడుగాటి బల్ల నిండా మాంసం, రొట్టెలు, మూడు రకాల కేకులు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది.

“కడుపునిండా తినమ్మా. ఇకనుంచి ఏటా ఆయన పోయిన రోజున ఇలాగే అందరినీ పిలుస్తాను. ఆయన పేరు నిలవాలి కదా.”

ఈ మాట ఆయన బతికుండగా చెప్పాల్సింది తల్లీ, అని నాలుక చివరిదాకా వచ్చింది. ప్లేటు తీసుకుని బల్ల దగ్గరికి నడిచాను. సిగ్గుపడకుండా రెండోసారి కూడా వడ్డించుకున్నాను.