మల్లేశ్వరరావు ఫొటోకి నేను చేర్చిన మాటలు

కోవిడ్‌కు ముందు సంవత్సరం నవంబరులో నేను మా పత్రిక విజయవాడ ఎడిషన్‌కు చీఫ్ ఫొటోగ్రాఫర్‌ని. కోతల మీద వాన పడిందని, కంకిపాడు వైపు వెళ్లి తడిసిన ధాన్యం ఫొటోలు పంపమని జిల్లా డెస్క్ నాకు అసైన్‌మెంట్ ఇచ్చింది. ఇలాంటి పనికి బయల్దేరేటప్పటికే ఫొటో ఎలా ఉండాలో ఆఫీసులో నిర్ణయమైపోయి ఉంటుంది. ధాన్యం, రైతు, దిగులు. వాటిని ఒకే ఫ్రేములోకి తేవడమే ఫొటోగ్రాఫర్ పని.

కంకిపాడు దాటాక రోడ్డు వారన వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒకాయన వాటిని కాళ్లతో తిరగేసి, పక్కనున్న మనిషితో ఏదో పరాచికమాడి నవ్వి, గట్టున కూర్చుని తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. దుమ్ముకి కళ్లు ఎర్రబడ్డాయి. నవ్విన ఫ్రేములు, తుడుచుకున్న ఫ్రేములు రెండూ నా కెమెరాలో ఉన్నాయి. తుండుగుడ్డ నోటిదాకా దిగి, ఎర్రటి కళ్లు కనిపిస్తున్న ఫ్రేమును ఎంచుకున్నాను. పేరు మల్లేశ్వరరావు అని చెప్పాడు. ఊరు అడిగాను. ఎంత నష్టపోయావని అడగలేదు. చాలామటుకు ముందే అమ్మేశాడని, రోడ్డు మీదున్నది మిగిలిన కాస్తేనని నాకు తర్వాత తెలిసింది.

పత్రికలో క్యాప్షన్ సరిగ్గానే రాశాను: తడిసిన ధాన్యాన్ని ఆరబెడుతున్న రైతు. నేను తప్పు చేసింది ఆ తర్వాత, ఆ ఫొటోను ఆఫీసు ఆర్కైవ్‌లో పెట్టేటప్పుడు. ఆర్కైవ్‌లో ప్రతి ఫొటోకి కొన్ని కీవర్డులు చేర్చాలి. పాఠకులకు అవి కనిపించవు. ఏ ఎడిషన్‌లో ఎవరు ఆ మాట టైపు చేసి వెతికినా ఆ ఫొటో తెర మీదికి వస్తుంది.

అప్పుడే మా సంస్థలో మల్టీమీడియా డెస్క్ పెడుతున్నారు. ఫొటో, వీడియో, వెబ్‌సైట్ అన్నీ ఒకే బల్ల మీదికి వస్తాయన్నారు. దానికి ఇన్‌చార్జిని ఎంచుకోవడానికి ఎవరి ఫొటోలు ఎక్కువ వాడుతున్నారో పై వాళ్లు చూస్తున్నారని మాకందరికీ తెలుసు. నా కింద పనిచేసే కుర్రాళ్లకు వీడియో ఎడిటింగ్ వచ్చు, డ్రోన్ ఎగరేయడం వచ్చు. నాకు రావు. ఆ రోజు రైతు, వరి, వర్షం, కంకిపాడు అని టైపు చేశాక అక్కడితో ఆగలేదు. కన్నీరు, అప్పులు, ఆత్మహత్య అని కూడా చేర్చాను.

అనుకున్నట్టే జరిగింది. అన్ని ఎడిషన్లూ ఆ ఫొటోను తీసుకున్నాయి. ఇన్‌చార్జి ఉద్యోగం నాకే వచ్చింది. డెస్క్‌లో చేరిన కొత్తవాళ్లకు కూడా కీవర్డుల వల వెడల్పుగా వెయ్యండని చెప్పేవాణ్ణి.

పత్రికలో పాత బొమ్మ వాడితే కింద ‘ఫైల్ ఫొటో’ అని వేస్తాం. వీడియో తెరవకముందు ఫోన్‌లో కనిపించే చిన్న బొమ్మను థంబ్‌నెయిల్ అంటారు. దాని మీద ఆ రెండు మాటలకు చోటుండదు. ఒక వేసవిలో మరో జిల్లాలో ఒక రైతు ఉరివేసుకున్న వార్తకు మా డెస్క్ మల్లేశ్వరరావు ముఖాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి థంబ్‌నెయిల్‌గా పెట్టింది. ఆమోదించింది నేనే. ఆ ముఖాన్ని గుర్తుపట్టలేదు.

వారం తిరక్కుండా ఆయన ఆఫీసుకు వచ్చాడు.

“నన్ను గుర్తుపట్టారాండీ?” అన్నాడు. లేదన్నాను. ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

“మా అక్క బందరులో బస్సెక్కి దారంతా శోకాలు పెట్టుకుంటా వచ్చిందండీ. నేనేమో వసారాలో గెడ్డం గీసుకుంటన్నా. నన్ను చూసి, ‘సచ్చినోడా, బతికుండి నన్నింత ఏడిపిస్తావంట్రా’ అని ఒక్కటి పీకింది.”

డెస్క్‌లో ఇద్దరు నవ్వారు. ఆయనా నవ్వి, అప్పుడు వచ్చిన పని చెప్పాడు. తను చేసేది కౌలు సేద్యం. పొలంగలాయన ఈ ఏడు వేరేవాళ్లకిస్తానంటున్నాడట. డెల్టాలో కౌలు చాలావరకు నోటిమాటే. పంట వచ్చాక బస్తాలు కొలుస్తాడన్న నమ్మకం మీద మనిషిని చూసి ఇస్తారు.

“మునిగిపోయినోడికి ఇస్తే నా బస్తాలు కూడా మునుగుతాయంటన్నాడండీ. పేపరోళ్లే తప్పని చెబితే వింటాడు. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి.”

వీడియోను ఆ రోజే మా సైట్‌లోంచి తీసేయించాను. అప్పటికే దాన్ని దించుకుని పెట్టుకున్న చానళ్లు మా చేతిలో లేవు. అసలు చేయవలసింది సవరణ వేయడం. పద్ధతి ప్రకారం ఎడిటర్‌కు నోట్ పెట్టాలి, అందులో తప్పు ఎక్కడ జరిగిందో రాయాలి. ఆ మాటలు చేర్చింది నేనని ఆర్కైవ్‌లో నా పేరుతోనే ఉంది. నోట్ పెట్టలేదు. సిస్టమ్‌లో పొరపాటు జరిగిందని మల్లేశ్వరరావుకు చెప్పి పంపాను. తర్వాత ఆయన ఫోన్ చేసినప్పుడల్లా రేపన్నాను, మీటింగన్నాను. కొన్నిసార్లు ఎత్తలేదు.

కాలువలకు నీళ్లు వదిలాక గానీ ఆయనతో కలిసి వెళ్లలేదు. పొలం యజమాని విజయవాడలోనే అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. మర్యాదగానే కూర్చోమని కాఫీ తెప్పించాడు. మల్లేశ్వరరావు కూర్చోలేదు. సిస్టమ్ పొరపాటని అక్కడా అదే చెప్పాను.

“తప్పని మీరే అంటన్నారు గదా, మరి మీ పేపర్లో వెయ్యలేదేంటండీ?” అన్నాడు యజమాని. నేను కాఫీ కప్పు అందుకున్నాను. “వేసవిలోనే వచ్చుంటే ఆలోచించేవాణ్ణి. ఇంకొకళ్లకి మాటిచ్చేశాను. వాళ్లు నారు కూడా పోశారు. ఏం మల్లేశ్వరరావ్, నువ్వే చెప్పు, ఇప్పుడు వాళ్లని లెగమనటం బావుంటదా?”

“బావోదండీ” అన్నాడు మల్లేశ్వరరావు.

కిందికి దిగాక, ఆ మాటలు చేర్చింది నేనేనని ఆయనకు చెప్పాను. ఎందుకు చేర్చానో కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను.

“అయితే వేసవి నుంచీ మీకు తెలుసన్నమాట” అన్నాడు. కారులో దిగబెడతానన్నాను. “బస్సుంది లెండి” అని వెళ్లిపోయాడు.

ఆ ఏడు ఆయనకు పొలం దొరకలేదు. కైకలూరు వైపు రొయ్యల చెరువు మీద కాపలాకు కుదిరాడని విన్నాను. నేను చేసిన ఫోన్లు ఆయన ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు. సవరణ వేయకుండానే నేను పదవీ విరమణ చేశాను. వీడ్కోలు సభలో మల్టీమీడియాకు బాటవేసిన వాడినని పొగిడారు. శాలువా కప్పించుకున్నాను. రైతు ఆత్మహత్య అని వెతికితే ఆయన ముఖం ఇప్పటికీ ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంది. దాన్ని తీయించే దారి నాకు తెలియదు. తెలిసినవాళ్లు ఎవరూ నాకు తగల్లేదు.

ఈ వృత్తిలోకి రావాలనుకునే వాళ్లకు నేను చెప్పగలిగేవి రెండే. ఫొటోలో ఉన్న మనిషిని అడగకుండా అతని గురించి ఒక్క మాట చేర్చకూడదు, అది ఎవరికీ కనిపించని చోటైనా సరే. తప్పు తెలిసిన రోజే సవరణ వేయాలి. ఈ రెండూ నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నాకు నేర్పారు. తెలియక చేసింది ఏదీ లేదు.