జూన్‌లో మొక్క నాటని వదినగారు

మా పై అంతస్తు వదినగారు పోయారని మన గ్రూపులో పెట్టిన కబురు కింద మీరంతా వరసగా "శాంతమూర్తి" అని రాశారు. కాదు. ఆవిడ నోటికి నేనే జడిసేదాన్ని. నా నోటికి జడవని వాళ్ళు రియాద్‌లోని మన తెలుగు కుటుంబాల్లో ఎవరున్నారో మీరే చెప్పండి. పోయిన మనిషికి లేని గుణాలు అంటగట్టకండి, ఉన్నవాటితోనే నేను వేగలేకపోయాను.

ఆవిడ కడప నుంచి కొడుకు దగ్గరికి వచ్చింది, నేను కాకినాడ నుంచి. ఆవిడది నమాజు, నాది దీపం. అయినా మెట్ల మీద మొదట "వదినా" అని వరస కలిపింది ఆవిడే. అందులోనూ నాకంటే ముందే.

ఏటా జూన్ ఐదున ప్రపంచ పర్యావరణ దినోత్సవమని బిల్డింగు ముందు మొక్కలు నాటుతాం కదా. ఊళ్ళో అప్పటికి తొలకరి వస్తుంది కాబట్టి ఇక్కడా వస్తుందనుకునే జాతి మనది. ఒక ఏడు నేను భూమి గురించి ఉపన్యాసమిచ్చి మరీ కరివేపాకు నాటాను. ఆవిడ చేతిలో మొక్క లేదు. ఏసీ గొట్టం కింద పట్టిన నీళ్ళ బకెట్టుంది.

"స్పీచ్ బాగుండాది వదినా. ఈ ఎండల్లో మొక్క నాటేది, పసిబిడ్డను పెనం మీద పండబెట్టేది ఒకటే."

"మరి మీరెందుకు వచ్చారు, ఫొటోకా?"

"నా యాపచెట్టుకు దప్పికైతాంది. నీ ఫొటోకు గాదు."

గేటు పక్కనున్న ఆ వేపను చలికాలంలో, ఎవరినీ పిలవకుండా నాటుకుంది. వారం తిరిగేసరికి నా కరివేపాకు పొడి కొట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. ఆవిడ వేప నీడలో ఇవాళ మీ పిల్లలు బడి బస్సు కోసం నిలబడుతున్నారు.

మా మనవరాలు ఒకసారి ఆ దినోత్సవానికి బొమ్మ వేసింది. వేప కింద పై అంతస్తు నానమ్మ, చేతిలో నీలం మగ్గు. నేనెక్కడే అని అడిగితే కిటికీ చూపించింది.

"నువ్వు లోపల ఏసీలో ఉన్నావు నానమ్మా. ఆ నీళ్ళు నీ ఏసీవే."

వదినగారు బొమ్మ చూసి నా భుజం తట్టింది. "నువ్వు లేకుంటే నాకు నీళ్ళు యాడివి వదినా?"

ఓదార్పు కూడా ఆవిడ దగ్గరే తీసుకోవాలి నేను.

పోయిన వారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఆవిడను ఇక్కడి మట్టిలోనే పెట్టారు. నేను విజిట్ వీసా పొడిగించుకుంటూ వచ్చిపోతుంటే, ఆవిడ ఇకామా కార్డు, నివాస అనుమతి అడగని చోట స్థిరపడింది. అక్కడా నన్ను దాటింది.

అప్పటి నుంచి వేపాకు వాడిపోతోంది. చెట్టు ఎండితే "ఆవిడ లేక అదీ పోయింది" అంటారు మీరు, నాకు తెలుసు. పోయి కూడా ఆవిడే గెలుస్తుంది. అది మాత్రం జరగనివ్వను.

కాబట్టి ఈ జూన్ ఐదున మొక్కలూ బ్యానర్లూ వద్దు. ఇంటికో బకెట్టు ఇవాళే ఏసీ గొట్టం కింద పెట్టండి. పొద్దుగుంకి మగ్రిబ్ బాంగు వినబడ్డాక, నేల చల్లారాక కిందికి తెండి. చెట్టు మొదలు మీద గుమ్మరించకుండా, పాదు చుట్టూ మెల్లగా పోయండి. కొమ్మకు తాడుతో ఆవిడ నీలం మగ్గు ఇంకా వేలాడుతోంది. దాన్నెవరూ విప్పకండి, అది నాకు కావాలి.